చీమలు తిరిగి రాని ఇల్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఎవరికి ఏం కావాలన్నా వెళ్లి అడిగేది ఒక ఏనుగునే.

ఆగండాగండి, ముందు ఒక మాట. మన ఈతచాపల కొట్టుకి బాబాయి వెబ్‌సైటు పెట్టాడు కదా. ఫోనులో వెతికితే మన పేరు ఎక్కడో అడుగున వస్తోందని మొన్న మీరిద్దరూ ఇల్లు పీకి పందిరేశారు. ఆ గోల వింటుంటేనే నాకీ కథ గుర్తొచ్చింది. కాబట్టి మధ్యలో అడ్డు రాకుండా వినండి. చిన్నోడా, ఆ మరమరాల గిన్నె అక్క వైపు కూడా జరుపు.

ఆ అడవిలో ఫోనులు లేవు. నాలుగు దారులు కలిసేచోట ఒక ముసలి ఏనుగు ఉండేది. అందరూ ఆమెను ఏనుగవ్వ అని పిలిచేవారు. ఎవరైనా వెళ్లి, "అవ్వా, కాల్లో ముల్లు దిగింది, ఎవరు తీస్తారు?" అని అడిగితే చాలు. అవ్వ చెవులు రెండుసార్లు ఊపి, "కోతి దగ్గరికి వెళ్లు. అక్కడ ఖాళీ లేకపోతే వడ్రంగిపిట్ట. అదీ కుదరకపోతే కొంగ" అని వరసగా చెప్పేది. వచ్చినవాళ్లు చాలామంది మొదటి పేరు వినగానే పరుగెత్తేవారు. మూడో పేరు దాకా ఆగేవాళ్లు తక్కువ. మీరూ అంతేగా, ఫోనులో మొదట ఏది కనపడితే దాని మీదే వేలు పెడతారు!

మరి కూర్చున్న చోటు నుంచి కదలని అవ్వకి అడవంతా ఎలా తెలుసు? చీమల వల్ల. నల్లటి గండుచీమలు రోజూ పొద్దున్నే బయలుదేరి గుట్టలెక్కి, వాగులు దాటి, ఎవరు ఎక్కడ ఏం పని చేస్తున్నారో చూసి వచ్చేవి. గుమ్మం ముందు కట్టిన పలక చదివేవి. లోపలికెళ్లి మూలమూలా తిరిగేవి. సాయంత్రానికి వచ్చి అవ్వ చెవిలో చెప్పేవి. అవ్వకి ఒకటే పట్టింపు. చీమలు చూడనిది ఆమె నోట రాదు.

ఆ అడవిలో ఎర్రమట్టి గుట్ట మీద ఒక అలుగు ఉండేది. అలుగు తెలుసుగా? ఒళ్లంతా పొలుసులు, పొడుగు తోక, అంతకంటే పొడుగు నాలుక. భయమేసినా సిగ్గేసినా ఉండచుట్టుకుపోతుంది. ఈ అలుగమ్మకి ఒక కూతురు, పేరు బుడ్డి. ఎక్కడికెళ్లినా బుడ్డి వాళ్లమ్మ తోక మీద ఎక్కి కూర్చునేది.

అలుగమ్మ పని బొరియలు తవ్వి పెట్టడం. ఆ పనిలో ఆమెకి ఆమే సాటి. ఆమె తవ్విన ఇంట్లో వాన చుక్క నిలిచేది కాదు. కూలి ఏమిటంటే, ఇల్లు కట్టించుకున్నవాళ్లు తమ చుట్టుపక్కల ఉన్న చెదపుట్ట ఒకటి చూపించాలి. చెదలు తిని తల్లీకూతుళ్లు బతికేవాళ్లు.

అయితే ఆ ఏడు ఆమెని పిలిచేవాళ్లే లేకపోయారు. గుట్ట మీదున్న పుట్టలన్నీ ఖాళీ అయిపోయాయి. ఒక్క పుట్ట మిగిలింది. వానలు పడేలోపు పని దొరక్కపోతే, బుడ్డిని తీసుకుని ఎవరూ తెలియని పై అడవికి పోవాల్సిందే. ఆ దారిలో చిరుతలు తిరుగుతాయి. చిన్నపిల్లతో ఆ దారి పట్టాలంటే అలుగమ్మ గుండె జారిపోయేది.

"పందికొక్కు తవ్వితే మొదటి వానకే మడుగవుతుంది. అయినా అందరూ దాని దగ్గరికే పోతారు. నా పని నచ్చక కాదు, నేనున్నానని తెలియకే రావట్లేదు" అని ఆమె బాధపడేది.

ఒకరోజు కంచె మీద ఎండకి పడుకున్న తొండ ఆమె మాట విన్నది.

"అక్కా, అవ్వ నోట నీ పేరు మొదట రావాలి. అంతేగా?" అంది తొండ.

"అంతే తమ్ముడూ."

"నేను ఎక్కిస్తానుగా పైకి!" అని తొండ తల ఊపింది. తొండలు దేనికైనా తల ఊపుతాయి. పాపం, అలుగమ్మకి అది గుర్తు రాలేదు.

"నీకేమివ్వాలి?"

"ఏదో, నీ పుట్టలో నాకూ ఒక వాటా పడెయ్యి. మనలో మనకేముంది!"

అలుగమ్మ ఒప్పుకుంది. తొండ కంచె దిగి వచ్చి ముందుగా ఆమె పలక చూసింది. దాని మీద 'భూగర్భ నివాస నిర్మాణ నిపుణురాలు' అని ఉంది. ఎవరో చదువుకున్న చిలక రాసిచ్చిన మాట అది. ఆ మాటంటే అలుగమ్మకి భలే గర్వం.

"ఇది ఉండనీ. దీనికింద ఇంకా రాయాలి" అంది తొండ. పెద్ద బెరడు ఒకటి తెచ్చి ఖాళీ లేకుండా నింపేసింది. 'బొరియ. మంచి బొరియ. చల్లని బొరియ. బొరియలకే బొరియ. తేనె. పళ్లు. మూలికలు. ఈత నేర్పబడును.'

"ఓయ్, నాకు ఈత రాదు! తేనె నా దగ్గరెక్కడిది?" అంది అలుగమ్మ.

"ఎవరేం అడిగినా నీ పేరు తగలాలి అక్కా. కిటుకు అదే!"

మర్నాడు ఒక ఎలుగుబంటి గుట్టెక్కింది. పలక చూసి, పెదాలు నాక్కుంటూ, "తేనె పట్రా" అంది. లేదని చెప్పేసరికి దానికి ఒళ్లు మండిపోయింది. "లేనప్పుడు ఎందుకు రాశావమ్మా? ఇంత ఎండలో గుట్టెక్కించి నవ్వులాటగా ఉందా నీకు?" అని కసిరి, పలకని ఒక్క తన్ను తన్ని వెళ్లిపోయింది. అలుగమ్మ ఉండచుట్టుకుపోయింది. బుడ్డి కూడా పక్కన చిన్న ఉండ అయిపోయింది.

తొండ వచ్చి, "ఫరవాలేదక్కా, ఇంకోటుంది" అంది. ఈసారి తన చుట్టాలందరినీ పిలుచుకొచ్చి గుట్ట కింద నుంచి గుమ్మం దాకా అటూ ఇటూ పరుగులు పెట్టించింది. మట్టి మీద ఎన్నెన్ని అడుగులో! చూసినవాళ్లు, అబ్బో, ఇక్కడికి ఎంతమంది వస్తున్నారో అనుకోవాలని.

ఆ అడుగులు చూసి వచ్చింది ఎవరనుకున్నారు? ఒక తాబేలు. పొద్దున బయలుదేరి ఎండంతా నెత్తిన పడుతుంటే నింపాదిగా ఎక్కి, మధ్యాహ్నానికి గుమ్మం చేరింది. "ఇన్ని అడుగులున్నాయంటే చెరువుకి దారి అనుకున్నాను తల్లీ. ఇక్కడ తడి కూడా లేదే" అని బావురుమంది. అలుగమ్మే దాన్ని వీపు మీద ఎక్కించుకుని గుట్ట దించి రావాల్సి వచ్చింది.

"ఇంక నావల్ల కాదు తమ్ముడూ" అంది ఆమె.

"ఆఖరిది! ఇది తగిలిందంటే తిరుగు లేదు" అని తొండ తల ఊపింది. ఈ మాట అంటూ పుట్టలోంచి ఇంత నోట్లో వేసుకుంది కూడా.

మర్నాడు తొండలన్నీ అవ్వ ఉండే కూడలికి వెళ్లి, రాళ్ల మీద బారుగా కూర్చున్నాయి. "అలుగమ్మ భలే తవ్వుతుంది! అలుగమ్మకి సాటి లేరు! మా మాట నమ్మండి!" అని ఒకటే ఊపుడు. అలుగమ్మ పొద వెనక నిలబడి చూస్తోంది. బుడ్డి తోక మీద కూర్చుని చూస్తోంది.

ఏనుగవ్వ అంతా ఓపిగ్గా విన్నది. "మంచిది. మీ ఇల్లు ఆమే తవ్విందా?" అని అడిగింది.

తొండలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. వాటిలో ఒక అమాయకపుది ఉంది. అది తల ఊపుతూ, "మాకు బొరియలెందుకవ్వా? మేం కంచెల మీద ఉంటాం" అంది.

కూడలిలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. తొండలు తోకలు ముడుచుకుని తలో దిక్కూ జారుకున్నాయి. అలుగమ్మ కూడా పోబోయింది. కానీ అవ్వ తొండం చాచి, పొద పక్కకి జరిపి, "ఇట్రా తల్లీ" అని పిలిచింది.

అలుగమ్మ తల దించుకుని వచ్చింది. "తప్పైపోయిందవ్వా. పని దొరక్క ఇలా చేశాను. నా పేరు ఎప్పుడూ ఎందుకు చెప్పవు నువ్వు? నేను బాగా తవ్వననా?"

"నువ్వు తవ్వుతావో లేదో నాకు తెలియదమ్మా. నీ ఇల్లు నా చీమలు చూడలేదు" అంది అవ్వ.

"ఎందుకు చూడలేదు?"

అవ్వ తొండంతో ఆమె వీపు నిమిరింది. తర్వాత నెమ్మదిగా అంది. "పంపకపోవడమా! ఎన్నోసార్లు పంపాను. ఎర్రగుట్ట వైపు వెళ్లిన చీమలు ఒక్కటీ తిరిగి రాలేదు. దారి మంచిది కాదేమో, గాలికి కొట్టుకుపోయాయేమో అనుకుని మానేశాను."

అలుగమ్మ ఒక్కసారిగా ఉండచుట్టుకుపోయింది.

ఎందుకో తెలిసిందా మీకు? అలుగు ఏం తింటుందో చెప్పానా? చెదలు. ఇంకా? అవును, చీమలు! పుట్టలు ఖాళీ అయ్యాక, గుమ్మం దగ్గరికి ఏ చీమ వచ్చినా ఆమె నాలుక చాచేది. అవి అవ్వ పంపినవని ఆమెకేం తెలుసు? తనకి పని తెచ్చిపెట్టడానికి వచ్చినవాళ్లనే, పని లేని ఆకలితో తినేసింది. తిన్న కొద్దీ పని రాలేదు, పని రాని కొద్దీ తిన్నది.

అవ్వ తొందరపెట్టలేదు. ఉండ విప్పుకునేదాకా నిలబడింది. చివరికి అలుగమ్మ మొహం బయటపెట్టి, కళ్లనీళ్లతో, "నేనే తిన్నానవ్వా. అవి చీమలనే అనుకున్నాను, నీ మనుషులనుకోలేదు. మమ్మల్ని ఇక్కడి నుంచి వెళ్లిపొమ్మన్నా వెళ్లిపోతాను" అంది.

అవ్వ కాళ్ల దగ్గరున్న చీమల బారు గిజగిజలాడిపోయింది. అన్నిటికంటే ముందున్న ముసలి చీమ పేరు గండన్న. ఆయన నోరు విప్పాడు.

"పోయినవాళ్లలో మా తమ్ముడున్నాడు. నేనది మర్చిపోను, అలుగమ్మా. అబద్ధం చెప్పలేను. కానీ వానలొస్తున్నాయి. మంచి ఇల్లు ఎవరు కడతారని రేపు అందరూ అడుగుతారు. చూసి చెప్పడం నా పని. రేపు పొద్దున నేనొక్కణ్ణే వస్తాను. పోతే ఈ ముసలాడే పోతాడు."

"వద్దు పెద్దన్నా!" అని చిన్న చీమలు ఏడ్చాయి. గండన్న వినలేదు.

ఇంటికెళ్లగానే అలుగమ్మ ఆ పిచ్చిరాతల బెరడు పీకి పారేసింది. దొంగ అడుగులన్నీ తోకతో ఊడ్చేసింది. ఆఖరి పుట్టలో చూస్తే మట్టి తప్ప ఏమీ లేదు. మిగిలిందంతా తొండే మింగేసింది. తల్లీకూతుళ్లు ఆ పూట పస్తులతోనే పడుకున్నారు.

పొద్దున గండన్న వచ్చాడు. గుమ్మం ముందు ఒక్కడే, నల్లగా, ఇంత బారున. అలుగమ్మ పక్కకి జరిగి, "రా పెద్దన్నా" అంది. ఆయన లోపల అడుగుపెట్టాడు.

తోక మీంచి బుడ్డి చూసింది. "అమ్మా, చీమ!" అంది. దాని నోట్లో నీళ్లూరాయి. "అమ్మా, ఆకలేస్తోందే. ఒక్కటేగా!"

అయ్యో, పసిపిల్ల! దానికేం తెలుస్తుంది? కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి అలుగమ్మకి కూడా. ముసలి చీమ సరిగ్గా ఆమె ముక్కు ముందు నుంచే పోతున్నాడు. నాలుక దానంతటదే కదిలింది. ఆమె గట్టిగా నోరు మూసుకుని, రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని, "వద్దమ్మా బుడ్డీ. ఆయన మన ఇల్లు చూడ్డానికొచ్చాడు. చుట్టం" అంది.

బుడ్డి ఏడుపు మొహం పెట్టింది కానీ, అమ్మలాగే తనూ రెండు చేతులతో నోరు మూసుకుంది.

గండన్న మాత్రం నింపాదిగా తిరిగాడు. గోడలు తట్టి చూశాడు. "గుమ్మం దాటగానే ఈ దారి పైకెందుకు లేచింది? ఎవరైనా కిందికి తవ్వుతారుగా?" అని అడిగాడు.

"వాన నీళ్లు లోపలికొచ్చినా ఆ మెట్టు ఎక్కలేవు పెద్దన్నా. వెనక్కి జారిపోతాయి."

"మరి ఈ పక్కన గుంట?"

"జారినవి అందులోకి చేరి, మట్టిలోకి ఇంకిపోతాయి. పడుకునే గది ఎప్పుడూ పొడిగా ఉంటుంది."

గండన్నకి ముచ్చటేసింది. పైకి మాత్రం ఏమీ అనలేదు. బయటికొచ్చి పలక ముందు నిలబడి, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు. "భూగర్భ నివాస నిర్మాణ నిపుణురాలు. అబ్బ! ఏమిటమ్మా ఇది?"

"బాగాలేదా? చిలక రాసిచ్చింది" అంది అలుగమ్మ కొంచెం చిన్నబుచ్చుకుని.

"బాగానే ఉంది, సన్మాన పత్రంలాగా. నేను అవ్వ చెవి దగ్గరే పుట్టి పెరిగాను. 'అవ్వా, భూగర్భ నివాసం ఎక్కడ దొరుకుతుంది' అని అడిగినవాళ్లని ఇంతవరకూ చూడలేదు."

"మరి ఏమని అడుగుతారు?"

"'ఇంట్లోకి నీళ్లొస్తున్నాయవ్వా, పిల్లలు తడిసిపోతున్నారు, ఏం చెయ్యను?' అని అడుగుతారు. నువ్వు చేసే పని అదేగా? మరి ఆ మాట నీ పలక మీద ఏదీ?"

అలుగమ్మ తెల్లబోయింది. నిజమే! నీళ్లు రాకుండా చేయడమే తన పని. తన పలక మీద నీళ్లన్న మాటే లేదు. వచ్చేవాళ్ల బాధ లేదు, తన గొప్పే ఉంది. అక్కడికక్కడే చిలక పలుకు గీకేసి, గోటితో కొత్తగా రాసింది. 'మీ ఇంట్లోకి వాన నీళ్లొస్తున్నాయా? రాకుండా తవ్వి పెడతాను. వచ్చి నా ఇల్లు చూసుకోవచ్చు. అలుగమ్మ, ఎర్రగుట్ట.'

గండన్న వెళ్లబోతూ ఆగాడు. "వాగు పక్కన ఒక మద్దిమాను పడిపోయి ఉంది. నిండా చెదలే. చెదలంటే మాకు గిట్టదు. బిడ్డకి పెట్టుకో. ముందే చెబుదును. కానీ ఆకలి మీద ఉన్నప్పుడు నువ్వేం చేస్తావో చూడాలిగా."

ఆయన వెళ్తుంటే అలుగమ్మ రెండు చేతులూ జోడించింది. ఆ రోజు బుడ్డి బొజ్జ నిండా తిన్నది.

ఇంకేముంది, మర్నాడే అలుగమ్మ పేరు మొదట వచ్చేసిందనుకుంటున్నారా? అంత వీజీ కాదు నాయనా! గండన్న తిరిగొచ్చి చెప్పాక, మర్నాడు ఇంకో రెండు చీమలు భయంభయంగా వచ్చాయి. అవీ తిరిగి వెళ్లాయి. ఆ తర్వాత రోజూ ఒక చిన్న బారు రావడం మొదలైంది. అలుగమ్మ వాటి కోసం గుమ్మం ముందు ఎండుటాకులు ఊడ్చి పెట్టేది, నడవడానికి అడ్డం లేకుండా. అవ్వ అలుగమ్మ పేరు చెప్పడం మొదలుపెట్టింది, అన్నిటికంటే ఆఖర్న.

ఆఖరి పేరు వినేదాకా ఆగినవాడు ఒక ముళ్లపంది. వాళ్లింట్లో నెల కూడా నిండని పిల్లలున్నారు. ఇల్లు పల్లంలో ఉంది. ఒక్క జల్లు పడితే చాలు, పిల్లలు నీళ్లలో నానేవారు. మొదటి పేరు పందికొక్కుది. అది వచ్చి బరబరా తవ్వి పోయింది. వాన రాగానే మళ్లీ అదే కథ.

"అలుగమ్మా, నీ పలక మీద రాసింది సరిగ్గా నా బాధే. నువ్వైనా చూడమ్మా" అన్నాడు ముళ్లపంది.

అలుగమ్మ వెళ్లింది. మట్టి చేతిలోకి తీసుకుని పిసికి చూసింది. నీళ్లు ఎటునుంచి వస్తాయో కనుక్కుంది. మెట్టు లేపింది, గుంట తీసింది, పడుకునే గది ఎత్తున పెట్టింది. కూలిగా ముళ్లపంది ఒక చెదపుట్ట చూపించాడు. తర్వాత వాన పడితే పిల్లల కాళ్లకి తడి కూడా తగల్లేదు. ముళ్లపంది ఊరుకుంటాడా? కనపడిన వాళ్లందరికీ చెప్పాడు. కుందేలు వచ్చింది. ముంగిస వచ్చింది. చీమలు వాళ్లిళ్లూ చూసొచ్చి, "అవ్వా, పొడిగా ఉన్నాయి" అని చెప్పాయి. ఈసారి పొగిడింది ఆ ఇళ్లలో పడుకున్నవాళ్లే. అలుగమ్మ పేరు ఆఖరి నుంచి కొంచెం పైకి జరిగింది. ఇంకొంచెం జరిగింది.

అప్పుడు పెద్ద వాన పట్టుకుంది. ముసురు అంటే ముసురు కాదు, ఆకాశానికి చిల్లు పడిందా అన్నట్టు! వాగు పొంగింది. ఎవరూ బయటికి కదల్లేకపోయారు. అలుగమ్మ ఇంట్లో తిండి లేదు. చెదపుట్టలన్నీ నీళ్ల అవతల ఉండిపోయాయి.

కూడలి దగ్గర చీమల పుట్టలోకి నీళ్లు దూరాయి. చీమలన్నీ తమ గుడ్లని నోట కరచుకుని ఏనుగవ్వ పాదం మీదకి ఎక్కాయి. తెల్లటి గుడ్లు, ఒక్కొక్కటీ నూక గింజంత. అవే వాళ్ల పిల్లలు. తడిస్తే ఒక్కటీ బతకదు.

"అవ్వా, ఇంట్లోకి నీళ్లొచ్చాయి. పిల్లలు తడిసిపోతున్నారు. ఎక్కడికి పోవాలి?" అని చీమలు ఏడ్చాయి. రోజూ అవ్వ దగ్గర అందరి నోటా తాము వినే ప్రశ్నే. ఈసారి అడుగుతున్నది చీమలు.

"అడవిలో ఇళ్లన్నీ చూసింది మీరు. నేను చెప్పేదంతా మీరు చెప్పిందే. ఈరోజు మీరే చెప్పండి. వానలో మీ పిల్లల్ని ఎవరింట్లో పెడతారు?" అంది అవ్వ.

చీమలు గుడ్లని ఇంకా దగ్గరికి లాక్కున్నాయి. అందరికీ ఒకటే పేరు తెలుసు. ఆ పేరు చెప్పడానికి అందరికీ భయమే.

గండన్న అన్నాడు, "అలుగమ్మ ఇంట్లో."

"పెద్దన్నా! మన తమ్ముణ్ణి తిన్న ఇల్లు అది!"

"ఎరుగుదును. నేను ఆ నాలుక ముందు నుంచే నడిచి వచ్చాను. ఆకలితో ఉండి కూడా నోరు మూసుకుంది. పదండి."

ఎప్పుడూ చోటు కదలని అవ్వ ఆ రోజు కదిలి, తొండంతో గొడుగు పట్టినట్టు పట్టి గుట్ట దాకా దిగబెట్టింది. అక్కణ్ణుంచి పెద్ద బారు, నోట్లో గుడ్లతో, వణుకుతూ ఎర్రగుట్ట ఎక్కింది.

గుమ్మంలో అలుగమ్మ నిలబడి ఉంది. ఆమె కడుపు వెన్నుకి అంటుకుపోయింది. ఎదురుగా కడుపు నిండే తిండి, దానంతటదే నడిచొస్తోంది. గండన్న తలెత్తి, "అలుగమ్మా, మా ఇంట్లోకి నీళ్లొస్తున్నాయి" అన్నాడు.

అలుగమ్మకి ఏడుపు ఆగలేదు. "నా ఇంటికా పెద్దన్నా! మీరు నా ఇంటికి వచ్చారా!" అంది. వెంటనే లోపల పడుకునే గది, అన్నిటికంటే ఎత్తయిన, వెచ్చని గది, వాళ్లకి ఇచ్చేసింది. ఆమె గుమ్మంలో ఉండచుట్టుకుని, పొలుసులు బయటికి పెట్టి, జల్లు లోపలికి రాకుండా అడ్డంగా కూర్చుంది. బుడ్డి అమ్మ పొట్టలో దూరి, లోపలి గదివైపు తొంగి చూసింది.

"అమ్మా, వాళ్లు కూడా బుజ్జిపిల్లలేనా?" అంది.

"అవునమ్మా."

"నాకంటే బుజ్జా?"

"నీకంటే చాలా బుజ్జి."

"అయితే గట్టిగా మాట్లాడొద్దులే, లేస్తారు" అని బుడ్డి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఈసారి ఎవరూ చెప్పకుండానే.

వాన తగ్గేదాకా తల్లీకూతుళ్లు పస్తులున్నారు. వాన తగ్గాక చీమలు గుడ్లు చూసుకున్నాయి. ఒక్కటీ తడవలేదు, ఒక్కటీ తగ్గలేదు. చిన్న చీమలు వెళ్తూ వెళ్తూ అలుగమ్మ ముక్కు మీంచే నడిచి వెళ్లాయి, భయం లేకుండా. ఆమెకి చక్కిలిగిలి పుట్టి నవ్వొచ్చింది.

మర్నాడు ఒక తడిసిన నక్క, పిల్లని నోట కరచుకుని కూడలికి పరుగెత్తుకొచ్చింది. "అవ్వా, ఇల్లు కూలిపోయింది. నీళ్లు రాని ఇల్లు ఎవరు కడతారు?"

ఏనుగవ్వ చెవులు ఊపింది. "ఎర్రగుట్ట మీద అలుగమ్మ. మిగిలిన పేర్లూ చెబుతాను, ఆగు. కానీ ముందు ఇది విను. నా చీమలు తమ పిల్లల్ని దాచుకున్న ఇల్లు అది."

నక్క మిగిలిన పేర్లు వినకుండానే పరుగు తీసింది.

కంచె మీంచి తొండ ఇదంతా చూసి, "నేను చెప్పలేదూ, పైకి ఎక్కిస్తానని!" అంటూ తల ఊపింది. ఊపనీలే, దాని తల దానిష్టం.

ఇప్పుడర్థమైందా? మన ఫోనులో కూడా అలాంటి చీమలుంటాయట, కంటికి కనపడకుండా ప్రతి వెబ్‌సైటూ తిరిగి చూసిపోయేవి. అవి రాకుండా మనమే ఎక్కడైనా తలుపు వేసి పెట్టామేమో బాబాయిని చూడమనండి. ఇంకోటి, పైన పెద్దక్షరాలతో 'సంప్రదాయ హస్తకళా విశిష్ట వేదిక' అని రాశాడే, అది తీసేసి, 'వేసవిలో చల్లగా పడుకోడానికి ఈతచాపలు' అని రాయమనండి. వచ్చి అడిగేవాళ్లు అడిగేది అదే కదర్రా.

నీతి: మనల్ని చూసి నలుగురికీ చెప్పేవాళ్లను మన చేతులతో పోగొట్టుకుని, పైకెక్కడానికి దొంగదారులు వెతికితే లాభం లేదు. తలుపు తెరిచి, ఎదుటివాళ్ల బాధ వాళ్ల మాటల్లో తెలుసుకుని, చెప్పిన పని చెప్పినట్టు చేస్తే, మన పేరు వాళ్లే ముందు చెబుతారు.